వెచ్చగా ఉన్నావా అమ్మాయీ?
(రష్యా దేశపు చలికాలం కథ – బొమ్మలతో)

 

ఈసారి గోడపత్రికకు వేరే దేశం కథ ఒకటి రాయమని తెలుగు సారు నాకు చెప్పారు. మన లైబ్రరీ బీరువాలో అట్ట పోయిన పాత పుస్తకం ఒకటి ఉంది. అందులోంచి మొరోజ్కో కథ ఎన్నుకున్నాను. బొమ్మలు నేనే వేశాను. మంచుకి తెల్లరంగు లేదు, అందుకని మంచు ఉన్నచోట చార్టు ఖాళీగా వదిలేశాను. ఖాళీ అంతా మంచే అనుకుని చూడండి.

కథ ఎక్కడిది?

రష్యాలో అఫనాస్యేవ్ (1826–1871) అనే పండితుడు ఉండేవారు. పల్లె జనం నోటితో చెప్పుకునే కథలు సుమారు 600 పోగుచేసి, 1855 నుండి 1863 వరకు అచ్చు వేయించారు. వాటిలో ఇది ఒకటి. మా అమ్మమ్మలాగే ఆ కథలు చెప్పినవాళ్ళలో చాలామందికి చదువు రాదు. సోవియట్ యూనియన్ 1991లో విడిపోయింది. అది ఉన్న రోజుల్లో మాస్కోలోనే తెలుగు పుస్తకాలు అచ్చువేసి మన దేశానికి పంపేవారు.

రష్యన్ భాషలో మొరోజ్ అంటే గడ్డకట్టించే చలి. ఆ చలినే ఒక ముసలాయనగా అనుకుని మొరోజ్కో అని పిలిచారు. అక్కడ ఒయ్మ్యకోన్ అనే ఊరిలో 1933లో సున్నాకు కింద 67.7 డిగ్రీల చలి నమోదైంది. మన లంబసింగిలో సున్నా దగ్గరకు వస్తేనే పేపర్లో రాస్తారు కదా. అంత చలికి చెట్టు మాను పైభాగం ముడుచుకుపోయి టప్పుమని పగులుతుంది. ఆ శబ్దం విని, మొరోజ్కో చెట్టు మీంచి చెట్టు మీదికి దూకుతున్నాడని పల్లెవాళ్ళు అనుకునేవారు.

కథ

బొమ్మ 1. ఒక ముసలాయనకు ఒక కూతురు ఉంది. సవతి తల్లికి కూడా ఒక కూతురు ఉంది. సవతి తల్లి తన కూతురిని ముద్దు చేసి, ముసలాయన కూతురితో తెల్లారకముందే నీళ్ళు, కట్టెలు మోయించేది. ఎంత చేసినా తిట్లే. చివరికి ఆ పిల్ల కంటికి కనబడకూడదని, అడవిలో వదిలి రమ్మని మొగుడికి చెప్పింది. అతను ఏడ్చాడు గానీ ఎదురు చెప్పలేదు. మంచు మీద జారే చక్రాలు లేని బండి కట్టి, కూతురిని ఒక పెద్ద చెట్టు కింద దించి వచ్చేశాడు.

బొమ్మ 2. ఆ పిల్ల వణుకుతూ కూర్చుంది. టప్, టప్ అని చెట్ల మీద దూకుతూ మొరోజ్కో వచ్చాడు. "వెచ్చగా ఉన్నావా అమ్మాయీ?" అని అడిగాడు. "వెచ్చగానే ఉన్నాను తాతా" అంది. అతను ఇంకా కిందికి దిగి, చలి పెంచి మళ్ళీ అడిగాడు. ఆమె ఊపిరి అందకపోయినా మళ్ళీ అదే మాట చెప్పింది. మూడోసారి అడిగేసరికి ఆమె నాలుక కూడా తిరగలేదు. అయినా "వెచ్చగా ఉంది తాతా" అంది. అప్పుడు మొరోజ్కోకి జాలి కలిగింది. బొచ్చు కోటు కప్పాడు. పెట్టె నిండా వెండి, బంగారం, మంచి బట్టలు ఇచ్చాడు.

బొమ్మ 3. ఇంటి దగ్గర సవతి తల్లి పిండితో అట్లు వేస్తోంది. ఎందుకో తెలుసా? రష్యాలో మనిషి చనిపోతే పెట్టే భోజనంలో ఆ అట్లు వడ్డిస్తారు. పిల్ల చచ్చిపోయిందని ముందే అనుకుంది! కానీ బల్ల కింద కుక్క "భౌ భౌ, ముసలాయన కూతురు బంగారంతో వస్తోంది" అంది. నోరు మూసుకోమని దానికి అట్టు పెట్టింది. కుక్క అట్టు తినేసి మళ్ళీ అదే మాట అంది. (ఈ కుక్క నాకు చాలా ఇష్టం.)

బొమ్మ 4. పెట్టె చూసి సవతి తల్లి తన కూతురిని కూడా పంపింది. మొరోజ్కో అడిగితే ఆ పిల్ల "చలి చంపేస్తోంది, పో ఇక్కణ్ణించి" అని తిట్టింది. ఆమె గడ్డకట్టి చనిపోయింది. ఈ బొమ్మలో ఆమెను వెయ్యలేదు. బండి మాత్రం వేశాను.

నేను ఆలోచించినది

ఈ కథ నీతి ఓర్పు, మర్యాద అని చెప్తారు. నేనూ ముందు అలాగే రాశాను. సంక్రాంతి సెలవుల్లో నిప్పు దగ్గర కూర్చుని అమ్మమ్మకు ఈ కథ చెప్పాను. ఆమె "ఓలమ్మా, చలేస్తే చలేస్తందని చెప్పాల గానీ, అదేం పిల్లే!" అంది. నేను రాసింది కొట్టేశాను.

ఎందుకంటే నేనూ అలా అన్నాను. 3వ తరగతిలో నేను మొదటిసారి హాస్టల్లో చేరాను. మా ఇంట్లో మా భాషే మాట్లాడతాము, తెలుగు రాదు. ఎవరు ఏం అడిగినా "బాగుంది" అను చాలు అని ఒక అక్క నేర్పింది. డిసెంబరులో జ్వరం వచ్చింది. హాజరు దగ్గర ఎలా ఉన్నావని అడిగితే "బాగుంది" అన్నాను. రెండో రోజూ అదే అన్నాను. మూడో రాత్రి పక్కన పడుకున్న అక్కకి నా కాలు తగిలింది. "ఇది కాలిపోతంది!" అని లేచి ఆయమ్మను లేపింది. మలేరియా అన్నారు. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉన్నాను.

ఆ పిల్ల మంచిగా జవాబు చెప్పినందుకే బతికిందని నేను అనుకోను. మొరోజ్కో ఆమె జవాబు నమ్మి వెళ్ళిపోయి ఉంటే చనిపోయేది. నాలుక తిరగడం లేదని అతను చూశాడు, అందుకే కోటు కప్పాడు. రెండో పిల్ల తిట్టడం తప్పే. కానీ చలిగా ఉంది అనడం తప్పు కాదు, అది నిజం.

అందుకని చెల్లెళ్ళారా, రగ్గు తడిసినా, ఒళ్ళు వెచ్చబడినా చెప్పండి. తెలుగు రాకపోతే మీ భాషలోనే చెప్పండి, అక్కలం మేము మేడం గారికి చెప్తాము. మేడం గారూ, కొత్తగా వచ్చిన పిల్లలు "బాగుంది" అంటే దయచేసి ఒకసారి చెయ్యి పట్టి చూడండి.

ప్రశ్నలు

1. చలికి చెట్లు ఎందుకు పగులుతాయి?
2. సవతి తల్లి అట్లు ఎందుకు వేసింది?
3. తండ్రి ఏడ్చాడు గానీ ఎదురు చెప్పలేదు. అతని తప్పు ఉందా, లేదా?
4. ఈ రాత్రి మీ పక్కన పడుకునే చెల్లి చెయ్యి చల్లగా ఉందా, వేడిగా ఉందా? (దీనికి జవాబు రాయనక్కరలేదు. పట్టుకుని చూడండి.)

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని