పొట్టేలు పిల్లల మేపు - మాంసపు నాణ్యత

మాంసము కొరకు పెంచు జీవాలలో మన నెల్లూరు గొర్రె మేలైనది. పల్ల, జోడిపి, దోర అను మూడు రకములు ఇందు కలవు. పొట్టేలు పిల్ల 3 నెలలకు పాలు మానునప్పటికి సుమారు 12 కిలోలు తూగును. పలువురు రైతులు అప్పుడే కంటి అంచనాతో దళారికి అమ్మివేయుచున్నారు. పిల్ల ఎదుగు కాలము ఆ తరువాత కూడ కలదు. ఆ లాభము కొన్నవానికి పోవుచున్నది. కనుక ఏ మేపు వలన ఎంత ఎదుగునో తెలిసికొనుట అవసరము.

మేపు పద్ధతులు

1. బీళ్లలో మాత్రమే మేపుట: ఖర్చు తక్కువ. రోజుకు సుమారు 60 గ్రాములు పెరుగును. వేసవిలో మేత లేక పెరుగుదల నిలిచిపోవును. అమ్మకపు బరువు వచ్చుసరికి వయస్సు ముదురును. మాంసములో క్రొవ్వు తక్కువే గాని, ముదిరినకొలది పీచు గట్టిపడును.

2. బీటిలో మేపి, సాయంకాలము దాణా పెట్టుట: పిల్లకు 200 గ్రాముల దాణా ఇచ్చిన యెడల రోజుకు సుమారు 100 గ్రాములు పెరుగును. లేత వయస్సులోనే కండ పట్టును.

3. కొట్టములో కట్టి మేపుట: పచ్చిమేత, ఎండుమేత, దాణా అన్నియు కొట్టములోనే ఇయ్యవలెను. రోజుకు 100 నుండి 150 గ్రాముల వరకు పెరుగును. మాంసము మెత్తగా ఉండును. అయితే గింజలు మితిమీరిన యెడల కండకు బదులు క్రొవ్వు పేరుకొనును. దాణా ఖర్చు వృథా యగును.

లెక్క చూడుడు

90 దినములలో మొదటి పద్ధతిలో 5.4 కిలోలు, రెండవ దానిలో 9 కిలోలు పెరుగును. అదనముగా వచ్చు 3.6 కిలోలకు 18 కిలోల దాణా కావలెను. అనగా 5 కిలోల దాణా వెల, ఒక కిలో జీవపు బరువు వెల కంటె తక్కువగా ఉన్నప్పుడే దాణా లాభము. మీ ఊరి ధరలతో ఈ లెక్క మీరే వేసికొనుడు.

దాణా మిశ్రమము (100 కిలోలకు)

మొక్కజొన్న నలుగు 40, తవుడు 32, వేరుశనగ చెక్క 25, ఖనిజ లవణ మిశ్రమము 2, ఉప్పు 1 కిలో. బూజు పట్టిన చెక్క వాడరాదు. సుబాబుల్ ఆకు మొత్తము మేతలో మూడవ వంతు మించరాదు.

జాగ్రత్తలు

దాణాను 50 గ్రాములతో ప్రారంభించి, 10 దినములలో క్రమముగా పెంచవలెను. ఒక్కసారిగా గింజలు మేసిన పిల్లకు కడుపులో పులుపు పెరిగి పారుడు పట్టును, చనిపోవుటయు కలదు. బాగుగా మేసి బలిసిన పిల్లలకే చిటుక రోగము ఎక్కువ. కావున ముందుగా టీకా వేయించి, నట్టల మందు త్రాగించవలెను.

అమ్మునప్పుడు

పిల్లలను క్రిక్కిరిసి బండి ఎక్కించి, నీరు లేక దూరము తోలరాదు. అలసి బెదరిన జీవము మాంసము నల్లబడి త్వరగా చెడును. కోతకు ముందు విశ్రాంతి, త్రాగుటకు నీరు ఉండవలెను.

15 దినములకు ఒకసారి పిల్లలను కాటా వేసి బరువు వ్రాసి ఉంచుడు. తన పిల్ల బరువు తెలిసిన రైతును దళారి కంటి అంచనాతో మోసగింపజాలడు.