కరువు వార్త విన్న గాయకుడు

ఐర్లండు రాజధానియగు డబ్లిన్ నగరమునకు చేరువలో డన్ లేరీ అను రేవుపట్టణము కలదు. బాబ్ గెల్డాఫ్ 1951వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన అచ్చట జన్మించెను. బాల్యముననే తల్లి మరణించెను. తండ్రి ఊరూర తిరిగి తువాళ్లు అమ్మెడివాడు. కనుక పెక్కుదినములు పిల్లలే తమ పనులు తాము చూచుకొనవలసి వచ్చెడిది. అయినను చదువుకొను వయసుననే గెల్డాఫ్, రాత్రివేళల డబ్లిన్ వీధులలో ఇల్లు లేనివారికి తోడ్పడు వారితో కలిసి తిరిగెను.

పిమ్మట కబేళాలో కూలి, బఠానీలను డబ్బాలకెత్తు పని, కెనడాలో పత్రికారచన, ఇట్లు పెక్కు పనులు చేసెను. 1975లో మిత్రులతో కూడి 'బూమ్‌టౌన్ రాట్స్' అను రాక్ సంగీత బృందమును నెలకొల్పెను. విద్యుత్ గిటారులతో, డ్రమ్ములతో పెద్దధ్వనిగా పాడు పాశ్చాత్య సంగీతమే రాక్. 1978, 1979 సంవత్సరములలో వీరి పాటలు రెండు బ్రిటనులో ప్రథమస్థానము నందెను. ఆ కీర్తి నిలువలేదు. 1984 నాటికి వీరి రికార్డులు కొనువారు తగ్గిపోయిరి.

ఆ యేడు అక్టోబరులో బి.బి.సి. టెలివిజను ఇథియోపియా క్షామదృశ్యములను చూపెను. ఆహారము కొద్ది, పిల్లలు వేలు. ఎవరిని లోనికి పిలిచి అన్నము పెట్టవలెనో, ఎవరిని విడువవలెనో ఒక నర్సు నిర్ణయింపవలసి వచ్చెను. విడువబడిన బిడ్డ బ్రతుకుట అరుదు. ఈ దృశ్యము గెల్డాఫ్‌ను నిదురపోనీయలేదు. మిజ్ యూర్ అను గాయకునితో కలిసి పాట కట్టి, ప్రసిద్ధ గాయకులను పేరుపేరున పిలిచి, నవంబరు 25న ఒక్కదినముననే పాడించెను. 70 వేల పౌండ్లు వచ్చునని అతడు తలచెను. 80 లక్షలు వచ్చెను. రికార్డుపై పన్ను విడువము అనిన ప్రభుత్వము, ప్రజల ఒత్తిడికి లోబడి అంత సొమ్మును దానముగా ఇచ్చెను.

1985 జనవరిలో అతడు స్వయముగా ఇథియోపియాకు పోయి చూచెను. ధాన్యము రేవునకు చేరినను, లోనాడునకు మోయుటకు లారీలు చాలకుండెను. లారీలకు ధనము కావలెను. అందులకై జూలై 13న లండనులోను, అమెరికాలోని ఫిలడెల్ఫియాలోను ఒకేదినమున 'లైవ్ ఎయిడ్' కచేరీలు జరిగెను. 16 గంటల ఆ గానమును ఉపగ్రహముల ద్వారా వందకు పైగా దేశములవారు చూచిరి. క్షామనిధికై గానసభ జరుపుట క్రొత్త కాదు. 1971లో రవిశంకర్, జార్జ్ హారిసన్ న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థులకై పాడియుండిరి. ఇంతటి సభ మాత్రము అంతకుముందు లేదు.

నిందలును వచ్చెను. కరువునకు అనావృష్టి మాత్రమే కారణము కాదు. అంతర్యుద్ధము, అచ్చటి ప్రభుత్వము ప్రజలను బలవంతముగా తరలించుట కూడ కారణములే. సహాయము పాలకుల చేతికి చిక్కెనని కొందరనిరి. క్రిస్మస్ పండుగ వచ్చెనని వారికి తెలియునా అని ఆ పాట ప్రశ్నించును. ఇథియోపియాలో క్రైస్తవము 4వ శతాబ్దినుండి కలదు! ఈ తప్పు చిన్నది కాదు. అయినను ఆ లారీలు మోసిన ధాన్యము నిజమైనదే.

1986లో బ్రిటిషు రాణి గౌరవ నైట్ బిరుదు ఇచ్చెను. అతడు ఐర్లండు పౌరుడగుటచే పేరునకు ముందు 'సర్' చేర్చుకొను హక్కు లేదు. లోకులు మాత్రము అట్లే పిలుచుచున్నారు. దానము చాలదని, అప్పులే పేదదేశములను అణచుచున్నవని అతడు క్రమముగా గ్రహించెను. 2005 నాటి 'లైవ్ 8' కచేరీలలో విరాళములు అడుగలేదు. ఋణముల రద్దునే కోరెను. ఆ యేడు సంపన్నదేశములు 18 పేదదేశముల ఋణముల రద్దునకు సమ్మతించెను. 1986లో విడిపోయిన అతని బృందము 2013లో తిరిగి కూడెను. గెల్డాఫ్ మరల వేదికలపై పాడసాగెను.