అల్లుడికి ఆరు బంతులు

చిక్కడపల్లి,
ఆదివారం పొద్దున

చిరంజీవి బుజ్జికి మామ ఆశీర్వదించి రాయునది.

నీ వాట్సాప్ మెసేజ్ నీ మరదలు చదివి వినిపించింది. ఫోన్‌లో జవాబు కొట్టాలంటే నా వేళ్లు మొద్దు, ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది. అందుకే కాగితం తీసుకున్నాను. పోస్టులో ఆలస్యమైతే నన్ను తిట్టుకోకు.

మీ జిల్లా అండర్-16 సెలెక్షన్స్‌కు నిన్ను సెలెక్టర్‌గా వేశారని తెలిసిన రోజు మీ అత్తమ్మ పాయసం చేసి పక్కింటికి కూడా పంపింది. మీ బాపు ఉంటే కరీంనగర్ బస్టాండంతా చెప్పుకొని తిరిగేవాడు. సంతోషమే బిడ్డా, చాలా సంతోషం. కానీ మెసేజ్ చివర్లో ఒక ముక్క రాశావు చూడు, అక్కడ నాకు చాయ్ గొంతు దిగలేదు. ‘రెండు బంతులు చూస్తే చాలు మామా, పిల్లగాడిలో దమ్ముందో లేదో తెలిసిపోతది’ అన్నావు. మొన్న నారాయణగూడ వైఎంసీఏ ముందు నీ పాత దోస్తు కలిశాడు. పోయినేడు సెలెక్షన్స్‌లో నువ్వు సాయానికి కూర్చొని, రెండొందల మందిని పొద్దున టిఫిన్ వేళకే ఇంటికి పంపించేశావట. మెచ్చుకుంటూ చెప్పాడు! నేను తల ఊపి ఇంటికొచ్చి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

అమెరికాలో బేస్‌బాల్‌కు హైస్కూలు పిల్లలను ఎలా ఏరుతారో ఒక వీడియో కూడా పంపావు. చూశాను. పిల్లలు అరవై గజాలు పరుగెత్తడం, బంతి విసరడం, కంచె వెనక పెద్దమనుషులు కుర్చీలేసుకొని రాడార్ గన్ పట్టుకొని అంకెలు రాసుకోవడం. బాగానే ఉంది. మనమూ ఒక స్పీడ్ గన్ కొందామన్నావు, కొను. కానీ 2008లో ఆ గన్ మన దేశానికీ వచ్చింది, నీకు గుర్తుండదు. ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అని పోటీ పెట్టి, ఉత్తరప్రదేశ్ నుంచి రింకూ సింగ్, దినేష్ పటేల్ అని ఇద్దరు జావెలిన్ కుర్రాళ్లను పట్టుకెళ్లారు. పిట్స్‌బర్గ్ పైరేట్స్ వాళ్లతో ఒప్పందమూ అయింది. ఇద్దరూ పెద్ద లీగ్ దాకా వెళ్లలేదు. రింకూ తర్వాత కుస్తీల్లో వీర్ మహాన్‌గా వెలిశాడు. గన్ అబద్ధం చెప్పలేదు, చెయ్యి ఎంత వేగమో చెప్పింది. ఆట వచ్చో రాదో చెప్పడం దాని పని కాదు. ఇంకో సంగతి గమనించావా? ఆ బేస్‌బాల్‌లో కూడా బ్యాటర్‌కు మూడు స్ట్రైకులిస్తారు. నువ్వు రెండే ఇస్తున్నావు!

ఇప్పుడు నా లెక్క విను. ఇది రాత్రి పాలవాడి పద్దు కాగితం వెనక వేశాను.

240 మంది పిల్లలు వచ్చారనుకో. తలా రెండు బంతులైతే 480. నాలుగు నెట్‌లుంటే ఒక్కో నెట్‌కు 120. ముగ్గురు బౌలర్లు మార్చి మార్చి వేస్తుంటే నిమిషానికి మూడు బంతులు పడతాయి. నలభై నిమిషాల్లో నీ పని ఖతం. అదే తలా ఆరు బంతులైతే 1440, ఒక్కో నెట్‌కు 360, అంటే రెండు గంటలు. తేడా ఎనభై నిమిషాలు. అల్లుడూ, ఎనభై నిమిషాలు! నువ్వు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకొస్తే ఇంటర్వెల్ దాకా కూడా కాదు. ప్యాడ్లు కట్టుకోవడానికి టైం పోతుందని అంటావేమో. ఎప్పుడూ ఇద్దరు పిల్లలు ప్యాడ్లతో రెడీగా నిలబడి ఉండేలా చూసుకో, ఒకడు బయటికొస్తుంటే ఇంకొకడు లోపలికి. ముప్పై ఒక్క ఏళ్లు పీఈటీ సారుగా చేసినవాణ్ణి, ఈ మాత్రం నడిపించలేనా? నువ్వూ నడిపించగలవు.

నాకు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో మీ అమ్మకు తెలుసు, నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1966. నాకు పదిహేనేళ్లు. జింఖానా గ్రౌండ్‌లో సెలెక్షన్స్ అంటే తెల్లవారుజామున లేచి సైకిల్ మీద బయల్దేరాను. చిక్కడపల్లి, ముషీరాబాద్, అక్కణ్నుంచి సికింద్రాబాద్. ఇప్పుడు మెట్రో దాదాపు ఆ దారినే పైనుంచి పోతుంది, ఎప్పుడెక్కినా కిటికీలోంచి ఆ రోడ్డునే చూస్తాను. బూట్లు పక్కవీధి అబ్బాయివి, ఒక సైజు పెద్దవి, ముందు భాగంలో పేపరు కుక్కాను. బ్యాట్ స్కూలుది. నాలుగు గంటలు ఎండలో లైన్. మధ్యలో మీ అమ్మమ్మ కట్టిచ్చిన పెరుగన్నం తిందామంటే నా పేరు పిలుస్తారేమోనని భయం, మూత కూడా తీయలేదు. పిలిచారు. మ్యాటింగ్ మీద గార్డు తీసుకున్నాను. మొదటి బంతి ఆఫ్ స్టంప్‌కు చాలా దూరం, వదిలేశాను. సరైన పనే కదా? రెండోది మంచి బంతి, బ్యాట్ నిలువుగా పెట్టి ఆపాను. అదీ సరైనదే. ‘నెక్స్ట్’ అన్నారు. ఆయన తల కూడా ఎత్తలేదు, ఏదో రాసుకుంటున్నాడు. ఎవరో చెప్పను, పోయినాయన. తిరిగి వస్తుంటే ముషీరాబాద్ దగ్గర సైకిల్ ఆపి ఆ పెరుగన్నం తిన్నాను, పులిసిపోయింది. తప్పు ఆడి ఉంటే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. నేను ఏ తప్పూ చేయలేదు, అదే ఇప్పటికీ అరగదు.

అరగడమంటే గుర్తొచ్చింది, నువ్వు ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కు పోవద్దు. నీకు గ్యాస్ సమస్య చిన్నప్పట్నుంచీ ఉంది. అత్తమ్మ గోంగూర పచ్చడి పంపిస్తానంటోంది, నేను వద్దన్నాను, కారం ఎక్కువ. అయినా పంపుతుంది. రెండు ఇడ్లీలు తిని, మజ్జిగ సీసా పట్టుకెళ్లు. మోకాలి నొప్పి ఎలా ఉంది? నిలబడే ఉండక స్టూలు వేయించుకో.

సరే, ఆరు బంతుల్లో ఏం చూడాలి అంటావా. మొదటిది లెక్కలోకి తీసుకోకు, అది భయం ఆడే బంతి. రెండోది కూడా సగం భయమే. నువ్వు పిల్లలను తేల్చేది సరిగ్గా ఈ రెండింటితోనే, చూడు! మూడోదానికి కాళ్లు కదులుతాయి. నాలుగోది కొంచెం షార్ట్‌గా వేయమని బౌలర్‌కు చెప్పు, కుర్రాడి కళ్లు బంతి మీద ఉన్నాయా, మూసుకుపోయాయా చూడు. అయిదోది స్పిన్నర్ చేత వేయించు. ఆరోదానికి ముందు ‘ఇదే లాస్ట్’ అని గట్టిగా చెప్పు. అప్పుడు ఏం చేస్తాడో చూడు. కొందరు కళ్లు మూసుకొని గాల్లోకి లేపుతారు. ఒకడు మాత్రం మంచి బంతి వస్తే నిమ్మళంగా ఆపుతాడు. వాడి పేరు పక్కన చుక్క పెట్టుకో. బౌలర్ విషయంలోనూ అంతే. మంచి బంతి వేసినప్పుడు ఎవడైనా బాగుంటాడు, వైడ్ వేసిన తర్వాతి బంతికి పరుగు ఎక్కణ్నుంచి మొదలుపెట్టాడో చూడు. నాలుగు అడుగులు తగ్గించి సేఫ్‌గా వేస్తాడా, అదే చోటు నుంచి వస్తాడా. ఇది తెలియాలంటే ముందు వైడ్ వేయనివ్వాలి కదా.

మన సిరాజ్‌ను తీసుకో. ఆటో డ్రైవర్ కొడుకు, టెన్నిస్ బంతితో గల్లీల్లో ఆడుకున్నవాడు. 2015లో రంజీకి వచ్చాడు, 2016-17 సీజన్‌లో 41 వికెట్లు తీశాడు. అలాంటివాడికి లెదర్ బంతి చేతికిచ్చిన మొదటి రోజున నీలాంటివాడు ఎదురై, రెండు బంతులకే తలూపేసి ఉంటే? తలుచుకుంటేనే నాకు వణుకు.

సాయంత్రం వాకింగ్‌కు సిటీ సెంట్రల్ లైబ్రరీ వైపు వెళ్తాను, నీకు తెలుసుగా. అశోక్ నగర్ పిల్లలు మెట్ల మీద, చెట్ల కింద, చాయ్ బండి దగ్గర కూడా పుస్తకాలు పట్టుకొని ఉంటారు. గ్రూప్-1 ప్రిలిమ్స్‌కు వాళ్లకు 150 ప్రశ్నలిస్తారు, రెండున్నర గంటల టైం ఇస్తారు. మొదటి రెండు ప్రశ్నలు తప్పయితే పేపరు లాక్కుంటారా? త్యాగరాయ గానసభలో పిల్ల కచేరీకి కూర్చుంటే వర్ణం మధ్యలో ‘చాలమ్మా, దిగు’ అంటారా? శ్రుతి కుదరడానికైనా టైం ఇస్తారు. మీ అత్తమ్మ ఇప్పుడే వెనక నుంచి చదివి, ‘ఇంకెన్ని పేజీలు ఈ ఆరు బంతులు?’ అని నవ్వి వెళ్లింది. నవ్వనీ.

నిజం చెప్పాలి కాబట్టి నాకు ఎదురు తగిలిన కథ కూడా చెప్తాను. నా స్కూల్లో ఒక బొద్దు పిల్లగాడు ప్రతి ఏడూ సెలెక్షన్స్‌కు వచ్చేవాడు. నియమం నియమమే, ఆరు వేయించాను. ఆరింటికీ బ్యాట్ ఒక దిక్కు, బంతి ఒక దిక్కు. మనసొప్పక ఏడోది కూడా వేయించాను, అదీ అంతే, స్టంప్ లేచి వెనక పడింది. ఆ రోజు తోటి సార్లు నన్ను చాలా రోజులకు సరిపడా ఆటపట్టించారు. ఇప్పుడు ఆ పిల్లగాడికి అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పుస్తకాల దుకాణం ఉంది. మొన్న మీ మరదలికి పుస్తకం కొంటే డబ్బులు తీసుకోనన్నాడు. ‘సార్, ఆ రోజు మీరు నాకు ఏడు బంతులు వేయించారు. నాకు రాదని నాకే తెలిసింది. ఇంటికెళ్లి హాయిగా పడుకున్నా’ అన్నాడు. నాకు 1966 నుంచి లేని నిద్ర వాడికి ఒక్క రోజులో దొరికింది.

నెట్ లోపల చూపు ఉంటే చాలదు. బయటా ఉంచు. సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ అకాడమీకి అన్నయ్యతో పాటు వచ్చి పక్కన కూర్చున్న పిల్ల కాలక్షేపానికి నాలుగు బంతులు కొడుతుంటే, కోచ్ జ్యోతిప్రసాద్ గారు చూసి వాళ్ల నాన్నకు చెప్పారు. ఆ పిల్ల మిథాలీ రాజ్. 1999లో మొదటి వన్డేలోనే 114 నాటౌట్. తిలక్ వర్మను కోచ్ సలామ్ బయాష్ బర్కస్‌లో టెన్నిస్ బంతి ఆడుతుండగా చూసి, తన బండి మీద రోజూ లింగంపల్లి దాకా తీసుకెళ్లాడు. ఎలక్ట్రీషియన్ కొడుకు, అంత దూరం సొంతంగా రాలేడు మరి. ఇంకా వెనక్కి పోతే మన కాచిగూడ బళ్లో పాఠాలు చెప్పిన రహీమ్ సాబ్. ఫుట్‌బాల్ కోచ్ అనుకో, అయినా ఏరడంలో ఆయన్ని మించిన కన్ను ఈ ఊళ్లో పుట్టలేదంటాను. సికింద్రాబాద్ అవతలి అమ్ముగూడ పిల్లవాడు తులసీదాస్ బలరామ్ రోజూ క్యాంపుకు రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ ఏర్పాటు చేయించారు. ఆ బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆడాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆటను చూసిన కళ్లతోనే ఆ పిల్లవాడు ఇంటికి ఎలా పోతాడన్నదీ చూశారు. అది అడుగు బిడ్డా, ప్రతి పిల్లగాణ్ణీ అడుగు: ఎట్లా వచ్చినవ్, ఏం తిన్నవ్. లైన్‌లో మంచినీళ్ల డ్రమ్ము పెట్టించు. నీ జేబులోంచైనా సరే, నేను పంపుతాను.

వయసు దొంగతనం గురించి రాశావు. దానికి మణికట్టు ఎక్స్‌రే తీసే పద్ధతి 2012 నుంచే ఉంది, బోర్డు వాళ్లు చూసుకుంటారు, నువ్వు మీసాలు చూసి తీర్పు చెప్పకు. నాకు పద్నాలుగేళ్లకే వచ్చాయి. ఇక చీటీలు పట్టుకొని ‘ఫలానావారి తాలూకు’ అంటూ వచ్చేవాళ్లకు చాయ్ ఇచ్చి కూర్చోబెట్టు. వాళ్ల పిల్లగాడికీ ఆరే. ఏడు కాదు. ఏడోది ఒక్క నా బొద్దు పిల్లగాడికే.

ఎంపిక కానివాళ్లకు పేరు పెట్టి పిలిచి చెప్పు, గోడ మీద కాగితం అంటించి వెళ్లిపోకు. ఒక్క మాట చాలు. తల ఎత్తి చెప్పు.

సెలెక్షన్స్ ఏ తేదీనో నువ్వు రాయలేదు. కావాలనే రాయలేదేమోనని మీ అత్తమ్మ అనుమానం. రాయి. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగితే జేబీఎస్ అక్కడే, కరీంనగర్ బస్సు అరగంటకొకటైనా దొరుకుతుంది. నేను నీ పనికి అడ్డం రాను, ఎవరికీ నీ మామనని చెప్పను. చెట్టు కింద కుర్చీ వేయించు చాలు. బంతులు మాత్రం లెక్కపెడుతుంటాను.

నీ
మామ