రాయనిది గడప దాటొద్దు

కరీంనగర్



నిర్మల్‌ల అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేసేటందుకు నువ్వూ తమ్ముడూ ఆదివారం పోతున్నరని మీ అమ్మ చెప్పింది. పాత సామాన్ల బండి ఆయనను కూడ అదే రోజు రమ్మన్నరట. నా మోకాళ్లు బాగుంటే నేనే వచ్చి నడుమ కూసుందును. రాలేను గనుక రాస్తున్న. ఖాళీ చేయొద్దని అంటలేను. మనుషులు లేని ఇంట్ల సామాను చెదలపాలు, ఎలుకలపాలు అయ్యేకంటె ఎవరికన్న పనికొస్తే మంచిదే. ఒక్కటే మాట నాది. రాయనిది ఏదీ గడప దాటొద్దు.

ముప్పై ఏండ్లు సర్కారు బడిల పనిచేసిన. అందుల చాన ఏండ్లు స్టాక్ రిజిస్టర్ నా చేతులనే ఉండె. కాలు విరిగిన స్టూలు పారేయాలన్నా ముందు అందుల ఎక్కాలె, పెద్దసారు సంతకం కావాలె. అప్పట్ల అది ఒట్టి చాదస్తం అనుకున్న. మా అత్తమ్మ పోయినంక జగిత్యాల ఇల్లు ఖాళీ చేసేటప్పుడు దాని విలువ తెలిసొచ్చింది. రెండు రోజుల్ల అంతా తేల్చేసిన. మసిపట్టిన రాగి గంగాళం ఒకటి బండికి ఏసిన. అది మా తోడికోడలుకు పుట్టింటోళ్లు పెట్టింది. అంచు కింద వాళ్ల నాయిన పేరు కొట్టిచ్చి ఉండెనట. నేను మసి తుడిచి చూడలే. ఆమె పైసలు అడగలే, కొట్లాడలే. పన్నెండేండ్లు మా ఇంటికి మాత్రం రాలే. ఆశపడి అమ్మిన్నా, తొందరల అమ్మిన్నా అనేది నాకు తెలుసు. ఆమెకు ఎట్ల తెలుస్తది? చూపియ్యడానికి ఒక్క కాయితం లేదాయె.

అందుకే ప్రతి గంజు, ప్రతి బిందె బోర్లేసి చూడు. పెండ్లికి, గృహప్రవేశానికి ఇచ్చిన గిన్నెల మీద ఇచ్చినోళ్ల పేరు, తారీకు చుక్కలు చుక్కలుగ కొట్టిస్తరు మనోళ్లు. పెండ్లి కానుకలకు జాబితా రాసి, ఇచ్చినోళ్ల పేరు, చుట్టరికం, సుమారు ఖరీదు అందుల పెట్టి, పెండ్లికూతురు, పెండ్లికొడుకు ఇద్దరూ సంతకం చేయాలని 1985ల కేంద్రం నియమాలు తెచ్చింది. మన ఇండ్లల్ల అట్ల రాసుకున్నోళ్లను నేను చూడలే. గిన్నె మీది పేరే మన ఆడోళ్లకు మిగిలిన సాక్ష్యం. చింతపండు పెట్టి తోమితే బయటపడతది.

ఒక పొడుగు నోట్‌బుక్ కొనుక్కపో. వస్తువు, ఏ అర్రల దొరికింది, ఎవరిది, ఎటు పోతున్నది, ఈ నాలుగూ గీతలు కొట్టి వేరువేరుగ రాయాలె. నువ్వు తీస్తుంటె తమ్ముడు రాస్తడు. ఫోన్ల ఫొటోలు తీస్త అంటవు. తియ్యి, మంచిదే. కానీ ఫొటోల గంజు కనవడతది, ఇచ్చిన చెయ్యి కనవడదు. ఎవరిదో తెలవకుంటె "తెలవదు" అనే రాసి ఆ వస్తువును పక్కకు పెట్టు, నాకో మీ మామకో ఫోన్ చెయ్యి. అడిగితే చిన్నతనం కాదు.

దేవుని అర్రల చిన్న ఇత్తడి ఏనుగు ఒకటి ఉన్నది. జైనూర్ దిక్కు నౌకరి చేసినప్పుడు మా నాయిన ఉషేగాంల ఇత్తడి బొమ్మలు పోసే ఓజుల దగ్గర కొన్నడు. వాళ్లు మైనంతోని బొమ్మ చేసి, మట్టి పొదిగి, కాల్చి, మైనం కరిగిపోయిన జాగల ఇత్తడి పోస్తరు. చల్లారినంక అచ్చు పగలగొట్టాలె, కనుక అసొంటి ఏనుగు ఇంకోటి పుట్టదు. ఈ ఆదిలాబాద్ డోక్రా పనికి 2018ల భౌగోళిక గుర్తింపు కూడ వచ్చింది. బండి ఆయన తరాజుకు అది పావుకిలో ఇత్తడి. ఆయన తప్పు లేదు, ఆయన పనే తూకం. సందుగల గుడ్డ మూటల వెండి తీగె పాన్‌దాన్ ఉంటది చూడు, కరీంనగర్‌ల చేయించింది. దాన్ని కూడ అంగట్ల వెండి బరువుకే కడతరు. ఈ రెండూ ఎవరికి పోవాల్నో మేం పెద్దోళ్లం కూసొని మాట్లాడుకుంటం. అప్పటిదాక పుస్తకంల ఉండనీ.

ఇగ కాయితాలు. నిజాం కాలంల సర్కారు కాయితాలు ఉర్దూల ఉండేటివి. తాత సందుగల అవి కొన్ని ఉన్నయి. చదవరాదని చింపకు. ఆదిలాబాద్ జిల్లా అని రాసున్నవి, 2016 అక్టోబర్ 11న నిర్మల్ వేరే జిల్లా అయ్యింది గదా అని పాతకాయితాల ఏయకు. తెల్లకాయితం మీద వేలిముద్రలతోని ఉన్న సాదా బైనామాలు, అంటె రిజిస్ట్రీ కాని భూమి అమ్మకం కాయితాలు, చూస్తే చిత్తు కాయితం లెక్కనే ఉంటయి. కానీ 2020ల సర్కారు వాటిని క్రమబద్ధం చేయడానికి దరఖాస్తులు తీసుకున్నది. ఒక్కొక్క కాయితానికి నంబరు ఏసి, ఒక్క కవర్ల పెట్టి మీ మామ చేతికియ్యి.

రాసిన పుస్తకం ఆ ఇంట్లనే ఇడిసిపెట్టి రాకు. 2021 జూలై వానలకు నిర్మల్‌లనే జీఎన్‌ఆర్ కాలనీ మునిగింది. నీళ్లొస్తె సామానుతోపాటు జాబితా కూడ పోతది. ప్రతి పేజీ ఫొటో తీసి నాకు, మీ అమ్మకు, మామకు పంపు. ఏదన్న ఎవరికన్న ఇస్తె తీసుకున్నోళ్లతోని పక్కన సంతకం పెట్టించు. సొంత మనుషులైనా సరే.

ఒక్క రోజుల కాదు బిడ్డా ఇది. వంటిల్లు ఒక్కటే పొద్దంత పడతది. ఆదివారం రాసుకోండ్రి. బండి ఆయనకు ఇయ్యాలనే ఫోన్ చేసి, మళ్ల వారం రమ్మని చెప్పు.

మీ పెద్దమ్మ