ఎక్స్‌రే గది ముందు ఆ హెచ్చరిక ఎందుకు?

మనం బదిలీల మీద ఏ రాష్ట్రానికి వెళ్ళినా ఆసుపత్రి ఎక్స్‌రే గది తలుపు మీద ఒక హెచ్చరిక ఉంటుంది: గర్భిణులు ముందుగా చెప్పాలి. లిపి మారుతుంది, విషయం మారదు. కారణం తెలుసుకుందాం.

వీర్యకణంలో 23, అండంలో 23 క్రోమోజోములు ఉంటాయి. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు బలంగా సోకితే వాటిలోని డి.ఎన్.ఎ. పోగులు తెగవచ్చు. పండ్ల ఈగలపై ఎక్స్ కిరణాలు ప్రసరింపజేస్తే సంతానంలో ఉత్పరివర్తనలు ఎన్నో రెట్లు పెరుగుతాయని హెర్మన్ ముల్లర్ 1927లో చూపించాడు. 1946లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మామూలు కణం తెగిన పోగును అతికించుకుంటుంది. పక్వమైన వీర్యకణానికి ఆ శక్తి దాదాపు లేదు. ఫలదీకరణ తర్వాత అండంలోని ఎంజైములే ఆ పని చేయాలి. తెగిన ముక్క వేరే క్రోమోజోముకు అతుక్కుంటే కణవిభజనలో పంపకం తప్పుతుంది. తొలి రోజుల పిండంలో ఉండేవి కొద్ది కణాలే. దెబ్బ పెద్దదైతే పిండం నిలవదు.

తర్వాత 8 నుండి 15 వారాల మధ్య మెదడుకు అపాయం ఎక్కువ. హిరోషిమా, నాగసాకిలలో బాంబు పడినప్పుడు ఆ దశలో గర్భంలో ఉన్న శిశువుల్లో కొందరు బుద్ధిమాంద్యంతో పుట్టారు. అయితే బాధితులకు తర్వాతి కాలంలో కలిగిన సంతానంలో వంశపారంపర్య లోపాలు పెరిగినట్టు పరిశోధనల్లో స్పష్టంగా కనబడలేదు. అయినా ఆ కుటుంబాలతో పెళ్ళి సంబంధాలకు వెనుకాడినవారు ఎందరో.

కాబట్టి ఇంట్లో రెండు మాటలు చెబుదాం: గర్భం ఉంటే దాచకుండా చెప్పాలి, డాక్టరు అవసరమన్న ఎక్స్‌రేను భయపడి మానకూడదు.