పాతాళగంగ దారి ఎటు?
నీటి అడుగు అన్వేషణ - సాధకబాధకాలు

రాయలసీమ అనగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది కరువు. వాన కోసం మొగులు వైపు చూసే ఈ నేలమీద కూర్చొని, మనిషి నీటి అడుగున చేసే ప్రయాణాలను గురించి వ్రాయడమేమిటని మిత్రులు నవ్వవచ్చు. కర్నూలుకు గాని, కడపకు గాని సముద్రం లేదు. నిజమే. కాని మన కాళ్ళ క్రింద ఉన్న నాపరాతి పొరలను నీరు యుగాల తరబడి తొలుస్తూనే ఉన్నది. వాననీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లంగా మారుతుంది. అది సున్నపురాతి పగుళ్ళలోకి దిగి, రాతిని కొద్దికొద్దిగా కరిగించి దారి చేసుకుంటుంది. పైన ఏరు ఎండినా, లోపల ఆ దారి మిగిలి ఉంటుంది. మన సీమలో నీటి అడుగు అన్వేషణ అనే మాటకు అర్థం వెదకాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి.

బెలుం గుహలు

కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు మనలో చాలామంది చూసినవే. ఒకప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి, 2022 నుంచి నంద్యాల జిల్లాలో ఉన్నవి. భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో వీటిని గురించి వ్రాశాడు. తరువాత దాదాపు నూరేండ్లు వీటిని శ్రద్ధగా పట్టించుకున్నవారు లేరు. 1982-83లో డేనియల్ గెబావర్ నాయకత్వాన వచ్చిన జర్మన్ బృందం లోపలికి పోయి, కొలతలు తీసి, పటం గీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లని తేలింది. పర్యాటక శాఖవారు బాగుచేసి 2002లో ప్రజలకు తెరిచినది అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రమే.

ఈ గుహలలో అన్నింటికన్నా లోతైన చోటు పాతాళగంగ. ప్రవేశద్వారం నుంచి 46 మీటర్లు క్రిందికి ఉంటుంది. అక్కడ ఒక సన్నని నీటిపాయ కనిపించి, రాతిలోకి పోయి మాయమవుతుంది. అది రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న బెలుం గ్రామంలోని ఒక బావికి చేరుతుందని జనం నమ్మకం. చూడబోయిన ప్రతి విద్యార్థికీ అక్కడ నిలబడగానే పుట్టే ప్రశ్న ఒకటే: ఈ నీరు ఎటు పోతోంది? ఆ వెంటనే, ఈత బాగా వచ్చినవానికి ఇంకొక ఆలోచన కూడా తోస్తుంది: దిగి చూస్తే పోలేదా? ఈ వ్యాసమంతా ఆ రెండవ ఆలోచనకు జవాబు.

ఒత్తిడి లెక్క

భూమిమీద మనమంతా ఒక వాతావరణ పీడనం క్రింద బ్రతుకుతున్నాము. నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరొక వాతావరణ పీడనం చేరుతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలు. ఆ లోతులో ఊపిరితిత్తులు నిండాలంటే గాలి కూడా అదే ఒత్తిడితో అందాలి. అంటే ఒక్కొక్క ఊపిరికీ నాలుగింతల గాలి ఖర్చు అన్నమాట.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. 12 లీటర్ల సిలిండరులో 200 వాతావరణాల ఒత్తిడితో గాలి నింపితే సుమారు 2,400 లీటర్లు పడుతుంది. ఈదే మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, పైన అది రెండు గంటలు వస్తుంది. 30 మీటర్ల లోతున నిమిషానికి 80 లీటర్లు, అంటే అరగంటే వస్తుంది. గుహలలో దిగేవారు పాటించే నియమం మూడు పాళ్ళది. ఒక పాలు పోవడానికి, ఒక పాలు రావడానికి, ఒక పాలు ఆపదకు. అలాగైతే లోపలికి పోవడానికి మిగిలేది పది నిమిషాలు. నిమిషానికి 15 మీటర్లు ఈదినా పోగలిగిన దూరం 150 మీటర్లు! రెండు కిలోమీటర్ల దూరాన ఉన్న బావి ఎక్కడ, ఈ 150 మీటర్లు ఎక్కడ? లోతు తక్కువైతే గాలి ఎక్కువసేపు వస్తుంది గాని, ఇరుకు సందులలో పాకుతూ, భయంతో ఎగఊపిరి తీసే మనిషికి నిమిషానికి 20 లీటర్లు ఏ మూలకూ చాలవు.

గాలే విషమైతే

గోళీ సోడా కొట్టినప్పుడు ఏమవుతుందో అందరికీ తెలుసు. ఒత్తిడి ఉన్నంతవరకు నీటిలో కరిగి ఉన్న వాయువు, గోళీ లోపలికి పోగానే బుడగలై పొంగుతుంది. లోతున ఎక్కువసేపు ఉన్న మనిషి రక్తమాంసాలలో నత్రజని అలాగే కరిగి ఉంటుంది. అతడు ఒక్కసారిగా పైకి వస్తే అది ఒంట్లోనే బుడగలు కడుతుంది. కీళ్ళలో చేరితే భరించలేని నొప్పి, వెన్నుపాములో చేరితే పక్షవాతం. దీనికి విరుగుడు, మధ్య మధ్య ఆగుతూ మెల్లగా పైకి రావడం. ఇంగ్లండులో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు మేకలమీద ప్రయోగాలు చేసి, ఏ లోతు నుంచి వచ్చేవారు ఎక్కడ ఎంతసేపు ఆగాలో 1908లో పట్టికలు ప్రకటించాడు. నేటి డైవర్ల చేతికి ఉండే చిన్న కంప్యూటర్లు చేసే పని కూడా అదే లెక్క.

నత్రజని చేసే రెండవ అపకారం మత్తు. సుమారు 30 మీటర్లు దాటిన తరువాత మనిషికి తాగినట్లుంటుంది. తాను బాగానే ఉన్నానని అనుకుంటాడు, అదే ప్రమాదం. ఇక ఆమ్లజని సంగతి. ప్రాణవాయువు అని పేరు పెట్టుకున్నాం గాని, మితిమీరిన ఒత్తిడితో పీలిస్తే అదీ విషమే. మూర్ఛ వస్తుంది, నీటిలో మూర్ఛ అంటే మరణమే. అందుకే స్వచ్ఛమైన ఆమ్లజనిని ఆరు మీటర్ల లోతు దాటి పీల్చరు. మరీ లోతుకు పోయేవారు నత్రజనిని, ఆమ్లజనిని తగ్గించి హీలియం కలిపిన గాలి వాడుతారు.

ఈ పాఠాలన్నీ ప్రాణాలు ఒడ్డి నేర్చుకున్నవే. నీటిలో స్వేచ్ఛగా ఊపిరి తీసే పరికరాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ తయారు చేశారు. 1946లో కూస్తో, అతని మిత్రుడు డ్యూమా వోక్లూజ్ అనే ఊట గుహలో దిగారు. గాలి నింపిన యంత్రం తన పొగను తానే పీల్చుకొని సిలిండర్లలోకి ఎక్కించింది. లోపల ఇద్దరికీ స్పృహ తప్పబోయింది. పైన తాడు పట్టుకొని ఉన్న మోరిస్ ఫార్గ్ అనుమానం వచ్చి లాగబట్టి బ్రతికారు. ఆ ఫార్గే మరుసటి ఏడు, మామూలు గాలితో 120 మీటర్ల లోతుకు దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒకరి అజాగ్రత్తను కనిపెట్టి కాపాడినవాడు కూడా లోతుకు లోకువే అయ్యాడు.

కప్పు ఉన్న నీరు

చెరువులో గాని, సముద్రంలో గాని ఆపద వస్తే మనిషి పైకి లేచి ఊపిరి పీల్చుకోవచ్చునన్న ఆశ ఒకటుంటుంది. గుహలో అది లేదు. తల పైన రాయి. వచ్చిన దారినే వెనక్కు పోవాలి. ఆ దారి కనిపిస్తుందన్న భరోసా కూడా లేదు. అడుగున పేరుకొన్న మెత్తని ఒండ్రు ఒక్క కాలి తాకిడికి లేచి, నీళ్ళు మజ్జిగలా తెల్లబడతాయి. చేతి దీపం చేతికే కనపడదు. అప్పుడు దారి చూపేది, లోపలికి పోతూ కట్టుకొంటూ పోయిన తాడు ఒక్కటే. తాడు, మూడు పాళ్ళ గాలి, ఒకటికి మూడు దీపాలు - ఈ నియమాలకు ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికావాడైన షెక్ ఎక్స్‌లీ. అటువంటి అనుభవశాలి కూడా 1994లో మెక్సికోలోని ఒక లోతైన నీటి బిలంలో దిగి తిరిగి రాలేదు.

2018లో థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహ కథ ప్రపంచమంతా విన్నది. జూన్ 23న ఫుట్‌బాల్ ఆడే 12 మంది పిల్లలు, వారి శిక్షకుడు లోపలికి వెళ్ళారు. వాన కురిసి వెనుక దారి మునిగింది. జూలై 2న బ్రిటిష్ గుహ డైవర్లు వారిని కనుగొన్నారు. జూలై 8 నుంచి 10 వరకు, పిల్లలకు మత్తుమందిచ్చి, ఒక్కొక్కరిని డైవర్లు మోసుకొని బయటకు తెచ్చారు. పదముగ్గురూ బ్రతికారు. కాని వారికోసం గాలి సిలిండర్లు దారిలో పెట్టి వస్తున్న సమన్ కునన్, నౌకాదళంలో శిక్షణ పొందినవాడు, జూలై 6న ప్రాణం విడిచాడు. ధైర్యానికీ, దేహబలానికీ అతనిలో లోటు లేదు.

మన రాష్ట్రంలోనూ ఒక పాఠం ఉన్నది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. వరద వేగం, బురద నీరు, 200 అడుగులకు మించిన లోతు. జాతీయ విపత్తు దళం, నౌకాదళం వచ్చినా వెంటనే దిగి తీయగలిగే పని కాలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, తాళ్ళతో వారాల తరబడి శ్రమించి, విశాఖ డైవర్ల తోడ్పాటుతో అక్టోబరు 22న దానిని బయటకు తీసింది. నీరు తగ్గేవరకు ఓపిక పట్టడం కూడా ఆ పనిలో ఒక భాగమే.

మన బావులు, మన పిల్లలు

ఇవన్నీ ఎక్కడో జరిగిన సంగతులు, మనకెందుకు అనుకోరాదు. వేసవి సెలవులలో మన ఊళ్ళలో పిల్లలు ఈతకు పోయేది దిగుడు బావులకు, నీళ్ళు నిలిచిన నాపరాతి గనులకు. రూపాయి బిళ్ళ వేసి మునిగి తెచ్చే పందెం తెలియనివారెవరు? మునిగే ముందు గబగబా పది పదిహేను సార్లు గట్టిగా ఊపిరి తీస్తే ఎక్కువసేపు ఉండవచ్చునని ఒక నమ్మకం. ఇది చాలా ప్రమాదం. ఊపిరి తీయాలని మనలను తొందరపెట్టేది ముఖ్యంగా ఒంట్లో పేరుకొనే బొగ్గుపులుసు వాయువు. గబగబా ఊపిరి తీస్తే అది తగ్గిపోతుంది, ఆమ్లజని మాత్రం పెద్దగా పెరగదు. అందుచేత తొందర పుట్టకముందే మెదడుకు ఆమ్లజని చాలక స్పృహ పోతుంది. గట్టున ఉన్నవారికి అరుపు వినిపించదు, కొట్టుకోవడం కనిపించదు.

నీళ్ళు లేని పాత బావి కూడా అంతే. పూడిక తీయడానికి ఒకరు దిగి పడిపోతారు. వానిని తీయబోయి ఇంకొకరు, వారికోసం మరొకరు. అడుగున చేరిన చెడుగాలి ముగ్గురినీ ఒకటిగానే చూస్తుంది. వెలుగుతున్న దీపాన్ని తాడుతో దించి, ఆరిపోతే దిగరాదనే పెద్దల ఆచారం మంచిదే. కాని కొన్ని విషవాయువులు దీపాన్ని ఆర్పవు, కనుక దీపం వెలిగినంత మాత్రాన నమ్మరాదు. లోపలికి గాలి కొట్టించాలి, దిగేవాని నడుముకు మోకు ఉండాలి, ఆ మోకు పైన బలమైన చేతుల్లో ఉండాలి. నీటిలో మునుగుతున్నవానికి ముందు అందించవలసింది మోకు, వెదురు గడ, చీర కొంగు. మనం దూకడం అన్నిటికన్నా చివరి మాట.

దిగకుండా తెలుసుకొనే దారి

మరి పాతాళగంగ ప్రశ్న అలాగే మిగిలిపోవలసిందేనా? అక్కరలేదు. 1877లో జర్మనీలో డాన్యూబు నది నీరు ఒకచోట భూమిలోకి ఇంకిపోవడం చూసి, అది ఎటు పోతుందో తెలుసుకోవడానికి క్నోప్ అనే ఆచార్యుడు ఆ నీటిలో ఫ్లోరెసీన్ అనే రంగు కలిపించాడు. రెండు రోజులు దాటిన తరువాత, పన్నెండు కిలోమీటర్ల దూరాన ఉన్న ఆఖ్ ఊటలో మెరిసే ఆకుపచ్చ రంగు కనబడింది. ఒక్క మనిషి కూడా తడవకుండా నీటి దారి తెలిసింది!

ఆ పద్ధతి ఇక్కడా పరిశీలించదగినదే. మన కళాశాలలలో రసాయన శాస్త్రం ఉన్నది, భూగర్భ శాస్త్రం చదివినవారున్నారు. అధికారుల అనుమతితో, గ్రామస్థుల సమ్మతితో, త్రాగే నీటికి హాని లేని మోతాదులో, పెద్దల పర్యవేక్షణలో చుట్టుపట్ల బావుల నీళ్ళు పరీక్షించడం విద్యార్థులు తోడ్పడగలిగే పనే. దాని ఫలితం కుతూహలం తీర్చడంతో ఆగదు. గుహలో పడిన మురికి ఏ ఊరి బావికి చేరుతుందో కూడా తెలుస్తుంది. కరువు సీమకు అంతకన్నా విలువైన సమాచారమేమున్నది?

దిగవలసిన అవసరం నిజంగా వచ్చినప్పుడు దిగేవారు ఉండనే ఉన్నారు. 300 మీటర్ల లోతు వరకు డైవర్లను పంపగల ఐ.ఎన్.ఎస్. నిస్తార్ నౌకను విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టింది, 2025 జూలైలో అది నౌకాదళంలో చేరింది. ఆ విద్య నేర్వదలచిన మన విద్యార్థులు తప్పక నేర్వవచ్చు. ఏళ్ళ తరబడి శిక్షణ, వైద్య పరీక్ష, క్రమశిక్షణ కావాలి. సాహసం అంటే తెలియని చోట దూకడం కాదు. తిరిగి వచ్చే దారి ముందుగా లెక్కగట్టుకొని అడుగు వేయడం. లెక్క కుదరనప్పుడు వెనుదిరగగల మనిషే ఆ విద్యకు అర్హుడు.