సుషిర వాద్య బృందం: మన నాదస్వరం నేర్పే పాఠం

భారతీయ సంగీతశాస్త్రం వాద్యాలను తత, అవనద్ధ, ఘన, సుషిరములని నాలుగు విధాలుగా విభజించినది. తీగ వలన మ్రోగేది తతం, చర్మం వలన మ్రోగేది అవనద్ధం, తాళం వలె ఒకదానినొకటి తాకగా మ్రోగేది ఘనం, ఊపిరి వలన మ్రోగేది సుషిరం. ఊపిరి ఎవరిది వారిదే కదా! అట్టి వేర్వేరు ఊపిరులు సభలో ఒకే నాదంగా వినిపించుట ఎట్లు సాధ్యం? ఈ ప్రశ్నకు సమాధానం కోసం మనం దూరదేశాలకు పోనక్కరలేదు. ప్రత్తి, మిరప పండే మన గుంటూరు, ప్రకాశం మైదానాలలోనే అది లభిస్తుంది.

ఈ ప్రాంతపు ముస్లిం కుటుంబాలు కొన్ని తరతరాలుగా నాదస్వరాన్ని వృత్తిగా స్వీకరించి, దేవాలయోత్సవాలలోను, వివాహాలలోను వాయిస్తూ వచ్చాయి. నేడు పల్నాడు జిల్లాలో ఉన్న చిలకలూరిపేట ఈ విద్యకు పేరుపొందిన కేంద్రం. ఒంగోలు సమీపాన కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా, చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబు వద్ద అభ్యసించి, పిదప నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దొరైకన్నుల వద్ద తంజావూరు బాణీని నేర్చుకొన్నారు. శ్రీరంగంలో స్థిరపడి, 1982లో అక్కడ శారదా నాదస్వర సంగీతాశ్రమాన్ని నెలకొల్పి యువకులకు విద్య గరపారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను ‘సంగీత కళానిధి’గా గౌరవించినది. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. స్త్రీలు అరుదుగా చేపట్టే ఈ వాద్యంలో కాలీషాబీ గారి కృషి మన విద్యార్థినులు గమనింపదగినది.

ఇక మేళం స్వరూపం చూద్దాం. సాధారణంగా రెండు నాదస్వరాలు, డోలు, తాళం, శ్రుతి ఇందులో ఉంటాయి. పూర్వం శ్రుతి కోసం ‘ఒత్తు’ అనే ప్రత్యేక వాద్యం ఉండేది. దానిని ఊదేవాడు బుగ్గలలో గాలి నిలుపుకొని, ముక్కుతో ఊపిరి తీసుకొంటూ, ఒకే స్వరాన్ని ఎడతెగకుండా పలికించేవాడు. అతనికి రాగం లేదు, చప్పట్లు లేవు. అయినను అతడు తప్పితే సభ అంతా తప్పుతుంది. పాశ్చాత్య వాద్యబృందాలలో కూడ ఓబో పలికిన ఒక్క స్వరానికి తక్కినవారందరు తమ వాద్యాలను సరిచేసికొనే ఆచారం ఉన్నది. ఓబో కూడ మన నాదస్వరం వలె జంట రెల్లు పీకతో మ్రోగేదే.

బృందంలో చేరే యువకుడు మూడు విషయాలు గుర్తించాలి. మొదటిది శ్రుతి. వెచ్చని ఊపిరి తగిలినకొలది గొట్టంలోని గాలి వేడెక్కి స్వరం పైకి జరుగుతుంది. కావున సభకు ముందే కొంతసేపు వాయించి, పిమ్మట శ్రుతి చూచుకోవాలి. రెండవది వినుట. నాదస్వరంలో గమకం వ్రేళ్ల కదలిక వలననే గాక ఊపిరి ఒత్తిడి వలన కూడ పుడుతుంది. ప్రక్కవాని నాదం వినకుండా బలంగా ఊదితే స్వరం చెదరిపోతుంది. మూడవది సాహిత్యజ్ఞానం. వాద్యం అక్షరాలు పలుకదు. కాని వాయించేవానికి మాటల అర్థం తెలియాలి. ‘కలకాలం’ అనే మాటలో ‘కల’ వద్ద ఊపిరి తీసికొంటే శాశ్వతత్వం కాస్తా స్వప్నమైపోతుంది! త్యాగరాజ కీర్తనలలో అధికభాగం తెలుగే కనుక ఈ విషయంలో మన విద్యార్థులకు సహజమైన సౌలభ్యం ఉన్నది.

అయితే సౌలభ్యం ఉండి అభ్యాసం లేకున్న ఫలమేమి? సన్నాయి విద్య ఇంటిలో తండ్రి వద్ద కుమారుడు నేర్చుకొనేది. కుమారుడు కళాశాలకు వచ్చి చదువులో మునిగినపుడు ఆ గొలుసు తెగిపోయే ప్రమాదమున్నది. చదువు కావాలా, సన్నాయి కావాలా అని ఆ బాలుని అడుగుట న్యాయం కాదు. రెండింటికీ చోటు కల్పించడం విద్యాసంస్థల బాధ్యత. కళాశాల కార్యవర్గం వారు వారానికొక సాయంకాలం ఒక గది కేటాయించి, సమీప గ్రామాలలోని అనుభవజ్ఞులైన విద్వాంసులను ఆహ్వానింతురని ఆశిస్తున్నాము. వార్షికోత్సవ వేదికపై మన విద్యార్థులే మేళం వాయించగలిగిననాడు, తరగతిలో మేము ఎన్ని గంటలు బోధించినా అందని ఐకమత్యపు అర్థం వారికి తమ ఊపిరిలోనే తెలియగలదు.